పొద్దు మరలిన నాటి నువ్వులు

మా భజన మందిరంలో ధనుర్మాసపు పూజ తెల్లవారకముందే మొదలై, పొద్దు పొడిచేలోపే ముగుస్తుంది. నెలంతా నైవేద్యం కట్టెపొంగలి, లేకపోతే దద్దోజనం. డిసెంబరు చివరి వారంలో ఒక్క ఉదయం మాత్రం దొన్నెతో పాటు చేతిలో ఒక నువ్వుల ముద్ద పెడతాము. ఈ ఏడు అది పంచే పని నాకు వచ్చింది. మా ఉప్పుగూడకు కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు ముద్దను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సంక్రాంతి ఇంకా మస్తు దూరం ఉన్నది గద అంకుల్. గిప్పుడే నువ్వులేంది?"

వెనక వరస నిలబడి ఉంది. తర్వాత చెబుతానని అన్నాను. ఇంటికి వచ్చి కూర్చున్నాక, అది గుమ్మం దగ్గర నిలబడి చెప్పగలిగే సంగతి కాదని తెలిసింది.

ఆ నువ్వులు ఒక పాలవ్వవి. ఆమె పేరు రాయడం లేదు. బతికి ఉండగా కూడా గల్లీలో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు; ఓటరు కార్డు మీద ఉన్న పేరును ఆమే ఇంకెవరిదో అన్నట్టు చూసేది. స్టేషను వెనక గల్లీలో బర్రెల కొట్టం, దానికి ఆనుకుని రెండు గదుల డాబా ఇల్లు. పాతబస్తీలో పాల వ్యాపారం చేసే పాత కుటుంబాలలో అదొకటి. మనిషి పొట్టి. కాళ్లకు వెండి కడియాలు. చీర కుచ్చిళ్లు ఎప్పుడూ నడుముకు దోపుకునే ఉండేది, ఇప్పుడే ఎవరో పనికి పిలుస్తారన్నట్టు.

గోష్ఠికి ఆమె ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. పాలు పితికి, క్యాన్లు ఎక్కించి, చేతులు కడుక్కొని వచ్చేసరికి మేము తిరుప్పావైలో సగం పాశురాలు దాటి ఉండేవాళ్లం. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, తలుపు పక్కన కూర్చునేది. ముందుకు రమ్మంటే వచ్చేది కాదు. తన దగ్గర బర్రె వాసన వస్తుందనీ, దేవుడికి అలవాటే గానీ మాకు లేదనీ అనేది. ఒక్క పాశురమూ నోటికి రాదు. ప్రతి పాదం చివరి అక్షరాన్ని మాత్రం పట్టుకుని మా వెనకాల సాగదీసేది. ఆమె చప్పట్లు తాళానికి ఒక క్షణం వెనక పడేవి. మొదట్లో అది నాకు ఇబ్బందిగా ఉండేది. రానురాను ఆ వెనకబడిన చప్పుడు వినపడని రోజు గోష్ఠి పూర్తయినట్టు అనిపించేది కాదు.

అయినా ఆమెను తలుచుకుంటే ముందు కనబడేవి చేతులే. గల్లీలో ఎవరి తల మీదికైనా ఒక బరువు ఎక్కవలసి ఉంటే ఆ చేతులు అక్కడికి పోయేవి. ఉల్లిగడ్డల గంప దించుకున్న మనిషి మళ్లీ ఎత్తుకోవడానికి అటూ ఇటూ చూస్తుంటాడు. పాత సామాను కొనేవాడు మూట కట్టి దాని పక్కన నిలబడి ఉంటాడు. గ్యాసు బండ భుజానికి ఎక్కించుకోవాలి. "ఆగు, ఓ చెయ్యి ఏస్త" అని ఆమె గొంతు ముందు వినబడేది, తర్వాత కడియాల చప్పుడు. బరువు తలకెక్కి సర్దుకున్నాక ఆ మనిషి వీపు మీద అరచేత్తో ఒకసారి తట్టేది. ఇక పో, అన్నట్టు. వాళ్లు ఏ కులం, ఏ మతం, ఎక్కడివాళ్లు అని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడటానికి కూడా వీలుండదు. బరువు ఎత్తేటప్పుడు ఇద్దరి తలలూ వంగి ఉంటాయి.

ఒకనాడు మంగళహారతి ఇస్తుండగా బయట ఎవరో బియ్యం బస్తాతో అవస్థ పడుతున్న చప్పుడైంది. గంట మోగుతుండగానే ఆమె లేచి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి హారతి అయిపోయింది. మా గోష్ఠిలో మృదంగం వాయించే పెద్దమనిషికి కొంచెం నోటి దురుసు. పాలవ్వకు దేవుని కంటే బస్తాలే ఎక్కువని అందరూ వినేట్టు అన్నాడు. ఆమె నొచ్చుకోలేదు.

"దేవుడు యాడికి పోతడన్నా, ఈడనే ఉంటడు. బస్తా ఆగుతదా?"

నేను నవ్వాను. మా ఆచార్యులవారు నవ్వలేదు. ఆయన మాకు మూడు దశాబ్దాలుగా శాస్త్రం చెబుతున్న వృద్ధులు. నాకు తెలిసిన నాలుగు మంచి మాటలూ ఆయన పాదాల దగ్గర విన్నవే. హారతి పళ్లెం తీసుకుని, కర్పూరం కొద్దిగా వేసి మళ్లీ వెలిగించి, తలుపు దాకా నడిచి వెళ్లి ఆమె ముందు పట్టుకున్నారు.

పాలవ్వ చేతుల వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆమె భర్త బేగంబజార్‌లో హమాలీ. పసుపు, మిరపకాయలు, బెల్లం, ఏ బస్తా అయినా మెడ మీదే మోసేవాడు. మెడ వెనక ఎద్దు మూపురంలా కాయ కట్టిందని ఆమె చెప్పేది. పడుకున్నప్పుడు తల నేలకు ఆనేది కాదట. ఆయన ఆమెకు చెప్పిన మాట ఒకటి ఉంది, అది నాకు ఎన్నోసార్లు చెప్పింది. మోసుడు కష్టం కాదు, ఎత్తేటోడు దొరకక బస్తా పక్కన నిలవడుడు కష్టం. ఒకసారి భుజానికెక్కితే కాళ్లు వాటంతట అవే నడుస్తాయి. ఎత్తేవాడు లేనప్పుడు, బజారంతా తన పక్కనుంచి పోతుంటే, ఇంత మందిలో తనకెవరూ లేరనిపిస్తుందట.

ఆయన పోయింది ఒక ధనుర్మాసంలో. వాళ్ల ఇంటి వెనక ఉండే క్రైస్తవుల వాకిట్లో కాగితపు నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. క్రిస్మస్ తెల్లవారి ఆ ఇంటివాళ్లు కేకు పంపించారు, ఆ ముక్క అలాగే గూట్లో ఉండిపోయింది. అందుకని ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. పాడె కడుతుండగా దూరపు బంధువు ఒకాయన, తెలిసినవాడిలా నిట్టూర్చి, పాపం సంక్రాంతి దాకా ఆగలేకపోయాడన్నాడట. ఉత్తరాయణంలో పోయినవాళ్లకు వెలుగు తోవ, వాళ్లు మళ్లీ రారు. దక్షిణాయనంలో పోయినవాళ్లది పొగ తోవ, వాళ్లు తిరిగి రావలసిందే అని వివరించాడట.

పెద్దలు చెప్పిన మాటే అది. అయితే ఎక్కడ చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నదీ శాస్త్రమే. ఆయన ఆ సగం చదివినట్టు లేదు.

మొదట ఆ మాట వినగానే ఆమెకు సంతోషమైందట. తిరిగి వస్తాడంటే మంచిదే కదా అనుకుంది. ఆ ఏడు పుట్టిన దూడ ముఖంలోకి కూడా చూసిందట. తర్వాత ఒకనాడు పేడ ఎత్తుతూ ఉంటే అసలు సంగతి తట్టింది. తిరిగి వస్తే మళ్లీ మోయాలి.

"అదే మెడ మీద, అదే బస్తా. ఆయన మోసింది చాలదా బిడ్డా?" అని నన్ను అడిగింది.

అక్కడి నుంచి మొదలైంది ఆమె సూర్యుణ్ణి చూడటం. పొద్దున పిడకలు కొట్టడానికి డాబా ఎక్కేది. తూర్పు వైపు స్టేషను రేకులు, వేపచెట్టు, మసీదు మినారు, ఆ పక్కన ఒక ఇంటి మీద నల్లటి నీళ్ల ట్యాంకు. ఎండాకాలంలో రేకుల మీద నుంచి లేచే పొద్దు, వానలు దాటేసరికి చెట్టు వెనక్కి, దీపావళి అయ్యాక మినారు దాటి, చలి ముదిరేకొద్దీ ట్యాంకు దాకా జరిగేది. అక్కడ ఆగేది. కొన్నాళ్లు ట్యాంకు అంచునే లేచేది, గాటికి కట్టేసిన దూడలా. తర్వాత మెల్లగా మినారు వైపు తిరుగుముఖం పట్టేది. సంక్రాంతి వచ్చేనాటికి మినారుకు దగ్గరగా వచ్చి ఉండేది.

ఆమెకు కావలసింది అక్కడ దొరికింది. పొద్దు మరలేది సంక్రాంతికి కాదు, అంతకు మూడు వారాల ముందే. మరి తన మనిషి పోయేనాటికి పొద్దు మరలినట్టా, మరలనట్టా?

ఈ ఒక్క ప్రశ్న ఆమె ఎన్నేళ్లు మోసిందో నాకు తెలియదు. పైకి తెచ్చింది మాత్రం ఒక డిసెంబరులో. ఆ ఉదయం ఆమె గోష్ఠికి ఇత్తడి గిన్నె నిండా నువ్వుల ముద్దలతో వచ్చింది. చెప్పుల దగ్గర కూర్చోకుండా నేరుగా సన్నిధి ముందుకు నడిచింది. అందరం ఆశ్చర్యంగా చూశాం. నువ్వులు, బెల్లం, గుమ్మడికాయ దానం, ఇవన్నీ సంక్రాంతి పుణ్యకాలానికి చేసేవి. ధనుర్మాసం మధ్యలో నువ్వులు పితృకార్యంలా ఉంటాయనీ, అపచారమనీ మృదంగం పెద్దమనిషి గొణిగాడు. పాలవ్వ సంక్రాంతి పాల బండి లెక్క పొద్దుగాలనే అస్తదని ఎవరో అంటే నలుగురు నవ్వారు.

ఆమె వాళ్ల వైపు చూడలేదు. గిన్నెను ఆచార్యులవారి ముందు పెట్టి అడిగింది.

"అయ్యగారూ, పొద్దు మర్లినంక పోయినోడు మల్ల రావాల్నా?"

ఆచార్యులవారు గోష్ఠి అంతటినీ ఒకసారి కలియజూశారు. ఆయన చూపు గోష్ఠిలో తాళాలు వాయించే ఒక తల్లి దగ్గర కొంచెంసేపు ఆగింది. తర్వాత గిన్నెలోంచి ఒక ముద్ద తీసుకుని ఉత్తరీయం కొంగున కట్టుకున్నారు. మిగిలినవి అందరికీ పంచమన్నారు. రేపు మీ ఇంటికి వస్తాను, ఆ పొద్దును నాకూ చూపించు అన్నారు.

మరునాడు గోష్ఠి ముగియగానే ఆయనను నేనే తీసుకువెళ్లాను. ఇరుకు మెట్లు, మోకాళ్ల నొప్పులు. పైకి ఎక్కాక పిడకల మధ్య ఆమె వేసిన పీట మీద కూర్చున్నారు. మంచు విడిచి ఎర్రటి పొద్దు ట్యాంకు అంచున పైకి వచ్చింది. ఆయన లేచి నమస్కరించారు. చెప్పవలసింది దాచకుండా చెప్పారు. వెనక ఒక కాలంలో పొద్దు మరలడం, మకర రాశిలో అడుగు పెట్టడం ఒకే రోజు జరిగేవని; కాలం జరిగేకొద్దీ ఆ రెండూ విడిపోయాయని; పంచాంగం రాశిని పట్టుకుందని, ఆమె పొద్దును పట్టుకుందని. రెండింటిలో ఏదీ అబద్ధం కాదన్నారు. ఆమె ముఖం వెలిగింది.

"అంటే మా ఆయన మంచి తోవలనే పోయినట్టేనా?"

"అవునని నిన్ననే చెప్పేవాణ్ణి అమ్మా. గోష్ఠిలో తాళాలు వేసే ఆ తల్లి ఉంది చూడు, ఆమె కొడుకు శ్రావణంలో పోయాడు. ఏ లెక్క వేసినా అది దక్షిణాయనమే. నీకు అవునంటే అక్కడే కూర్చున్న ఆమెకు కాదన్నట్టే కదా."

పాలవ్వ చేతికి అంటిన పేడను గోటితో గీకుతూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది. "ఆమె కొడుకు సదువుకునే పిలగాడు అయ్యగారూ. ఏం మోయలె. వాడు మల్ల అస్తే ఆమెకు పండుగనే. నాకే, ఆయన రావద్దు."

ఆచార్యులవారు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఉదయం ఆ పిడకల మధ్య ఆయన చెప్పిన మాట నేను పెద్ద పెద్ద సభల్లో కూడా వినలేదు. ఆ రెండు తోవలూ తమ బలంతో నడిచి వెళ్లేవాళ్లకు చెప్పినవన్నారు. శరణన్నవాడికి తోవ చూసుకునే పని లేదు. చివరి గడియలో వాడు కట్టెలా, రాయిలా పడి ఉంటాడు. దేవుణ్ణి తలుచుకోను కూడా తలుచుకోలేడు. అప్పుడు దేవుడే వాణ్ణి తలుచుకుంటాడు. ఏ నెల, ఏ పక్షం, పగలా రాత్రా అని చూడడు. తనే వచ్చి మోసుకుపోతాడు.

"దేవుడు మోస్తడా?"

"ఆయనే మోస్తాడమ్మా."

ఆమె ఆలోచించింది. "మోసేటోనికి ఎత్తేటోడు ఒకడు కావాలె గద అయ్యగారూ. ఆయనకెవలు ఎత్తుతరు?"

ఆమె వెక్కిరింపుగా అనలేదు. బేగంబజార్‌లో ఒక హమాలీని గురించి అడిగినట్టే అడిగింది. ఆచార్యులవారు కొంగున కట్టుకున్న ముద్దను విప్పి, సగం తుంచి ఆమె చేతిలో పెట్టారు. మెట్లు దిగుతూ నాతో, పాలవ్వ అడిగినదానికి ఏ భాష్యంలోనూ జవాబు వెతకవద్దు, నాయనా అన్నారు.

అప్పటి నుంచి ప్రతి డిసెంబరులో నువ్వులు తెచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. శ్రావణంలో కొడుకును పోగొట్టుకున్న తల్లికి మొదటి ముద్ద తనే తీసుకెళ్లి ఇచ్చేది.

మధ్యలో ఒక ఏడు తూర్పు వైపు పక్కింటివాళ్లు మీదికి రెండు అంతస్తులు లేపారు. చెట్టు, మినారు, ట్యాంకు అన్నీ గోడ వెనక్కి పోయాయి. ఆమె ఆ గోడ ముందు పిడకల గంప పట్టుకుని నిలబడి ఉండటం పక్కింటాయన చూశాడు. ఆయన చీరలకు జరీ పని చేయించే మేస్త్రీ. ఇంటిల్లిపాదీ ఆమె దగ్గరే పాలు పోయించుకునేవాళ్లు. ఏమైందని అడిగితే ఆమె సూరీడు కనపడటం లేదని చెప్పింది. ఆయనకు సంగతి పూర్తిగా అర్థమైందో లేదో. తమ డాబా తలుపు తాళంచెవి ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఊపర్ ఆజావ్ అమ్మా. హమారే ఛత్ సే సబ్ దిక్తా." పైకి రమ్మనీ, తమ డాబా మీంచి అంతా కనబడుతుందనీ.

అప్పటి నుంచి ఆమె పొద్దును చూసింది ఆ ఇంటి డాబా నుంచే. మెట్లెక్కుతూ ఆ ఇంటి నీళ్ల బిందెకో, బట్టల మూటకో ఒక చెయ్యి వేసి మరీ ఎక్కేది.

ఆమె పోయి ఇది మూడో చలికాలం. ఆ ఏడు కార్తీకంలో దగ్గుతో మొదలై, మార్గశిరం వచ్చేసరికి మంచం పట్టింది. ఆస్పత్రిలో పెట్టారు. పెద్దకొడుకు తల్లి మీద ప్రాణం పెట్టుకున్నవాడు. తండ్రి చావు రోజు పాడె పక్కన ఆ బంధువు అన్న మాట అతనూ విన్నాడు, మరిచిపోలేదు. డాక్టర్లను కలిసిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: ఎట్లన్నా చేసి సంక్రాంతి దాటించండి సార్. చుట్టాలందరూ అదే అనేవాళ్లు. ఆమె మాత్రం ఇంటికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది.

ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం నేను వెళ్లాను. బర్రెలు కనబడేట్టు మంచం కొట్టం వైపుకు తిప్పించుకుంది. కాళ్లు వాచి కడియాలు తీసేశారు. నేను కూర్చోగానే కొడుకు నన్ను పట్టుకున్నాడు.

"నువ్వన్నా చెప్పన్నా. ఇంకో నెల. జర ధైర్యం చేసి పట్టుకొని ఉండుమను. నాయిన లెక్క కావద్దు."

నేను చెప్పాలనే నోరు తెరిచాను. నాకు తెలిసిన శాస్త్రం నా గొంతు దాకా వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఊపిరి ఆడక ఆగి ఆగి మాట్లాడింది.

"ఇన్నేండ్లు పొద్దును చూసుకున్న బిడ్డా. ఆయన మంచి తోవలనే పోయిండని మనసుకు చెప్పుకున్న. గని చూసింది నేను. తోవ తెరిచేటోడు పైన ఉన్నడు. నా చూపు తప్పయితే? ఆయన యాడనో మల్ల పుట్టి, బస్తా పక్కన నిలవడి ఉంటే?"

కొడుకు ముఖం తిప్పుకున్నాడు.

"నేను మంచి దినం దాకా ఆగి, మల్ల రాకుంట పోతే, ఆయనకెవలు ఎత్తుతరు?"

నేను ఆచార్యులవారు చెప్పిన మాట గుర్తు చేశాను. శరణన్నవాణ్ణి దేవుడే మోస్తాడని. ఆమె తల ఊపింది. అది తనకు తెలుసనీ, నమ్ముతాననీ అంది. కళ్లు మూసుకుని, మంచం పట్టె మీద ఉన్న నా చేతిని వేళ్లతో ఒకసారి తట్టింది. బరువు తలకెక్కినవాణ్ణి ఇక పో అని తట్టినట్టే.

నేను నా జీవితమంతా మోక్షం గురించి వింటూ పెరిగాను. అది చేతికందే దూరంలో ఉందని నమ్మి, దాన్ని పక్కకు జరిపి పెట్టిన మనిషిని అంతవరకు చూడలేదు. మందిరానికి వెళ్లి ఆచార్యులవారితో చెప్పాను. ఆయన చేతిలో జపమాల ఆగింది. "మనం నెలంతా పాడి చివరికి పెరుమాళ్లను ఏమడుగుతున్నాం నాయనా? పుట్టుక నుంచి విడిచిపెట్టమనా, ఎన్ని జన్మలైనా తన పనిలో పెట్టుకోమనా?" అన్నారు. అంతే అన్నారు.

పొద్దు ఇంకా మరలకముందే ఆమె పోయింది. ఏ లెక్క వేసినా అది దక్షిణాయనమే. పాడె ఎత్తే ముందు, నలుగురు సరిపోతారని ఎవరో అంటుండగానే జరీ మేస్త్రీ వచ్చి కింద చెయ్యి పెట్టాడు, ఉల్లిగడ్డల మనిషి పెట్టాడు, నాకు ముఖాలు తెలియని ఇంకెవరెవరో వంగారు. ఆమె బరువు ఏమంత లేదు. గల్లీ మలుపు దాకా అంతమందీ చేతులు తీయలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు, పొద్దు ట్యాంకు దగ్గర నిలబడే ఉదయాలలో ఒకనాడు, పెద్దకొడుకు నన్ను పిలిపించాడు. తల్లి జబ్బు పడకముందే చెరిగి డబ్బాలో పోసి పెట్టిన నువ్వులు ఇంట్లో ఉన్నాయట. వాటిని ఏం చేయాలో అతనికి తెలియలేదు. ఆచార్యులవారిని అడిగి, మందిరానికి పంపమన్నారని చెప్పాను. ఆ నువ్వులనే ఆ ఏడు ముద్దలు చుట్టి పంచారు. మరుసటి ఏటి నుంచి మందిరమే చేయిస్తోంది. తాళాలు వేసే ఆ తల్లి తన చేత్తో చుడుతుంది.

పిలిపించిన ఆ ఉదయం నేనూ పెద్దకొడుకూ పక్కింటి డాబా మీద నిలబడి ఉన్నాము. అతని తల గుండు, భుజాన తెల్లటి తువ్వాలు. మినారు మీద పావురాలు లేచాయి. ట్యాంకు అంచున కొంచెం కొంచెంగా ఎరుపు అంటుకుంది. తల్లి ఎక్కడ నిలబడి చూసేదో అతను అక్కడే నిలబడ్డాడు.

"గిప్పుడు మర్లినట్టేనా అన్నా?"

"ఇంకో రెండు మూడు పొద్దులు చూస్తే గాని తెల్వదనేది అవ్వ."

"ఇంకొన్ని దినాలే గదన్నా. గట్ల పట్టుకొని ఉంటే అయిపోవు." పొద్దు వైపే చూస్తూ అడిగాడు. "అమ్మ ఏ తోవల పోయిందంటవ్?"

ఆచార్యులవారు ఆ ప్రశ్నను గోష్ఠిలో ఒకసారి విన్నారు. అప్పుడు ఆయన అక్కడికక్కడే ఎందుకు అవుననలేదో నాకు ఆ డాబా మీద ఒంటికి తెలిసింది. నేను జవాబు కూడగట్టుకుంటుండగా కింద కొట్టం ముందు బండి ఆగింది. దాణా తెచ్చినవాడు బస్తాను బండి అంచుకు లాగి, దాని పక్కన నిలబడి, తల ఎత్తి గల్లీ అంతా చూశాడు.

"ఎవలన్నా ఉన్నరా? జర ఎత్తాలె."

గల్లీలో ఎవరూ లేరు. కొడుకు గోడ మీద నుంచి తొంగి చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆగు, ఓ చెయ్యి ఏస్త" అని మెట్ల వైపు వెళ్లిపోయాడు.

అతను అడిగింది నా దగ్గరే ఉండిపోయింది. కింద రెండు తలలు వంగాయి, బస్తా భుజానికెక్కింది, ఒక అరచెయ్యి ఆ మనిషి వీపు మీద తట్టింది. నేను తూర్పుకు తిరిగి, ట్యాంకు అంచున నిలబడి ఉన్న పొద్దుకు చేతులు జోడించాను.